గొంతు దిగిన మసి

అగ్నిమాపక తనిఖీ కార్యాలయం,
మూడో అంతస్తు, సోమవారం పొద్దున

మా ఇంటి డాక్టరమ్మకి,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. నీ బల్ల మీదికి వచ్చేవాళ్ళకే బాగుండదు గానీ నీకేం, రాయిలా ఉంటావు. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. మీ అక్క మోకాలి నొప్పి తగ్గింది, నా మీద కోపం తగ్గలేదు. ఈ నెలలో మూడో గొడుగు పారేసుకున్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటంటావా? నువ్వు వైద్యం చదివే రోజుల నుంచీ మన మధ్య ఉత్తరాలే కదా. పైగా మా ఇంట్లో ఫోన్ హాల్లో ఉంటుంది, మీ అక్క చెవులు ఇల్లంతా ఉంటాయి. ఇది ఆవిడ వినకూడని సంగతి.

శుక్రవారం మధ్యాహ్నం మా ఊళ్ళో పరుపుల గోడౌన్ ఒకటి తగలబడింది. కాపలాదారు లోపలే పోయాడు. చేరి పదకొండు రోజులే అయిందట. ఇక్కడ శవపరీక్షకి సరైన ఏర్పాటు లేదని అతన్ని మీ ఊరికి పంపారు. ఈపాటికి నీ దగ్గరికి వచ్చే ఉంటాడు.

మంట ఆరకముందే మా ఆఫీసు విచారణ సంఘం వేసింది. ఐదుగురు సభ్యులు, ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి. కార్యదర్శిని నేనే. నిప్పు ఎలా పుట్టిందో మాలో ఎవరికీ తెలియదు గానీ మా పెద్ద గుమాస్తా దగ్గర 'షార్ట్ సర్క్యూట్' అని రబ్బరు స్టాంపు ఉంది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఏది కాలినా దాంతోనే కాలుతోంది. స్టాంపు గుద్దేశాక తెలిసింది, వైరింగ్ మార్చడానికని ఆ గోడౌన్‌కి రెండు నెలల క్రితమే కరెంటు తీసేశారని. అధ్యక్షులవారు తల గోక్కుని "పోనీ, పాత కరెంటు తాలూకు షార్ట్ సర్క్యూట్ అని రాద్దామా?" అన్నారు. అంతలో టీ వచ్చింది కాబట్టి సరిపోయింది.

ఇక అసలు సంగతి. గోడౌన్ యజమాని తరఫు డాక్టరు ఒకాయన ఉన్నాడు. కాపలాదారు గుండె ఆగి ముందే పోయాడని, మంటలు ఆ తర్వాత వచ్చాయని ఆయన అభిప్రాయం. నాకూ సబబుగానే తోచింది. ముందే పోయిన మనిషికి మంటతో పనేముంది, తలుపులతో పనేముంది? యజమాని ఊపిరి పీల్చుకుంటాడు, పోలీసులు ఊపిరి పీల్చుకుంటారు, మా ఆఫీసూ పీల్చుకుంటుంది. నువ్వు రిపోర్టులో 'గుండె' అని ఒక్క మాట రాస్తే చాలు. ఎలాగూ ప్రతివాడి గుండే చివరికి ఆగుతుంది కదా, అబద్ధం కూడా కాదు.

నాకు రిటైర్మెంట్ నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలూ ప్రశాంతంగా గడిచేలా చూసి పుణ్యం కట్టుకో తల్లీ.

నీ శ్రేయోభిలాషి,
బావ

---

శవపరీక్ష విభాగం,
ఫినాయిల్ వాసన తక్కువగా ఉన్న మూల,
గురువారం

బావగారికి నమస్కారం. ఇది మీ వయసుకి, మీ సలహాకి కాదు.

'ప్రతివాడి గుండే చివరికి ఆగుతుంది' అన్న మీ మాట మా విద్యార్థులకి చెప్పాను, ఎవరన్నారో చెప్పలేదు. మొదటి ఏడాది పిల్లలు ఘొల్లున నవ్వారు. గుండె ఆగడం చావు బావగారూ, చావుకి కారణం కాదు. బస్సు ఎందుకు ఆగిందని అడిగితే 'కదలడం లేదు కాబట్టి' అన్నట్టుంది మీ వరస.

మీ కాపలాదారు వచ్చాడు. నేనింకా ముట్టుకోలేదు, ఎల్లుండి వంతు. అందుకే ముందే ఒక సంగతి చెప్పాలి. నాకొక అలవాటుంది. శవాన్ని చూడటం పూర్తయ్యేదాకా ఆ శవం గురించి ఎవరేం రాసినా చదవను. పోలీసు కాగితాలు కవరులోనే ఉంటాయి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక ముసలావిడ వచ్చింది. కాగితం ముందు చదివాను. 'మంచం మీద నిద్రలో పోయింది, తర్వాత దీపం పడి ఇల్లు అంటుకుంది' అని ఉంది. నేను ఆవిడలో ఆ కాగితాన్నే చూశాను. గొంతు తెరిచి చూడాల్సినంత శ్రద్ధగా చూడలేదు. ఏడాది తర్వాత ఆవిడ కొడుకే తలుపుకి బయట గడియ పెట్టానని ఒప్పుకున్నాడు. ఆ రిపోర్టు మీద నా సంతకం ఇప్పటికీ ఉంది. తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మీ ఉత్తరం ఎలాగూ చదివేశాను, చేసేదేం లేదు. ఇకమీదట మీరు దీని గురించి రాస్తే కవరు మీద 'గోడౌన్' అని రాయండి. దాన్ని సొరుగులో పడేసి, నా రిపోర్టు మీద సంతకం పెట్టాకే విప్పుతాను. మోకాలి సంగతులు, గొడుగు సంగతులు ఉంటే వేరే కవర్లో పంపండి, వెంటనే చదువుతాను.

మీకు తెలియక అడిగారు గానీ, ముందే పోయాడా లేదా అన్నది ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడదు. చచ్చినవాడు ఊపిరి పీల్చడు. కాలే ఇంట్లో చచ్చినవాడు పడి ఉంటే మసి వాడి పెదాల మీద, ముక్కులో, మహా అయితే నోట్లో ఉంటుంది. బతికినవాడైతే పీలుస్తాడు. మసి గొంతు దిగుతుంది. స్వరపేటిక దాటి, గాలిగొట్టం గోడలకంటుకుని, ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాల దాకా వెళుతుంది. కొంత మింగుతాడు కూడా, అది పొట్టలో దొరుకుతుంది. పొగలోని విషవాయువు నెత్తురులో చేరి, నెత్తురు మామూలు కంటే ఎర్రగా, మెరుస్తూ కనపడుతుంది. అది ఎంత చేరిందో ప్రయోగశాల వాళ్ళు కొలిచి చెబుతారు. వాళ్ళు తీరిగ్గా మూడు వారాలు తీసుకుంటారు, అదీ వాళ్ళ మిషను పనిచేసే రోజులైతే.

యజమాని తరఫు డాక్టరు నిన్న ఇక్కడికి వచ్చాడు. పెద్ద పండ్ల బుట్ట తెచ్చాడు. శవాగారానికి పండ్ల బుట్ట తెచ్చిన మనిషిని మొదటిసారి చూశాను. తిప్పి పంపేశాను.

అక్కని మోకాలి మీద వేడి కాపడం పెట్టుకోమనండి.

మరదలు

---

(కవరు మీద: గోడౌన్)

ఇంటి వరండా, ఆదివారం

డాక్టరమ్మా,

ఇది నువ్వు ఇప్పుడు చదవవని తెలిసే రాస్తున్నాను. చదవవు కాబట్టే రాయగలుగుతున్నాను.

ఆ గోడౌన్‌కి 'అన్నీ సవ్యంగా ఉన్నాయి' అని సర్టిఫికెట్ ఇచ్చింది నేను. మా ఆఫీసు కాదు. నేను.

మా దగ్గర 'బల్ల తనిఖీ' అని ఒకటుంది. పుస్తకాల్లో ఉండదు గానీ అందరం చేసేది అదే. భవనం నక్షా తెప్పించుకుని, బల్ల మీద పరుచుకుని, ఫారంలోని పన్నెండు గడులూ నింపడం. చేరిన మొదటి నెల్లోనే మా పై అధికారి నేర్పాడు. "అన్నిటికీ అవును అని రాయకండి, అనుమానం వస్తుంది. ఎప్పుడూ రెండు కాదులు పడాలి" అన్నాడు. అందుకని ఇసుక బకెట్టు ఒకటి తక్కువుందని, బోర్డు రంగు వెలిసిందని రాస్తాం. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ప్రతి భవనానికీ ఇసుక బకెట్టు ఒకటి తక్కువే.

ఆ గోడౌన్ వంతు పోయిన ఏడాది వచ్చింది. ఆ రోజు వాన పడుతోంది. జీపు అధికారిగారి అమ్మాయిని సంగీతం క్లాసుకి తీసుకెళ్ళింది. పదకొండో గడి 'వెనక తలుపు తెరుచుకుంటుందా?' నక్షాలో తలుపు ఉంది. అవునని రాశాను. అంతకంటే ఏమీ ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నం ఏం తిన్నానో గుర్తుంది గానీ ఆ గడి నింపడం గుర్తులేదు.

నిప్పు ముందు వైపు షట్టర్ దగ్గర మొదలైందని ఇప్పుడు అందరూ అంటున్నారు. అంటే అతను వెనక్కి పరిగెత్తి ఉండాలి. ఆ తలుపు తెరుచుకుందో లేదో నాకు తెలియదు. వెళ్ళి చూద్దామని రెండుసార్లు బయల్దేరాను. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

మొదటి ఉత్తరంలో 'గుండె' అని రాయమని అడిగాను. అది నా ఉద్యోగం కోసం అడిగాను. ఇప్పుడు అడిగేది వేరు. నువ్వు రిపోర్టులో ఏం రాస్తావో రాసుకో. నాకు మాత్రం అతను ముందే పోయాడని చెప్పు. నిజంగా పోయి ఉంటే చెప్పు. అతను ఆ తలుపు దాకా వెళ్ళలేదని చెప్పు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదమ్మా. మీ అక్క గ్యాస్ అనుకుని మాత్రలు మింగిస్తోంది.

బావ

---

శవపరీక్ష విభాగం,
నెల తర్వాత, మంగళవారం

బావగారూ,

మీ 'గోడౌన్' కవరు సొరుగులో భద్రంగా ఉంది. ఒట్టు, వెలుతురుకి పట్టి కూడా చూడలేదు. ఈ ఉత్తరం రాసేసరికి శవపరీక్షా అయింది, ప్రయోగశాల లెక్కా వచ్చింది, పోలీసు కాగితాలూ చదివాను. రిపోర్టు శుభ్రంగా టైపు చేయించి రేపు సంతకం పెడతాను. ఇంతలో ఒళ్ళు మండిపోతోంది, మీతో చెప్పుకోకపోతే తోచదు.

ముందు పోలీసు అధికారి సంగతి చెబుతాను. శవం రెండు చేతులూ మోచేతుల దగ్గర మడిచి, పిడికిళ్ళు బిగించి ఉంది. ఆయన చూసీ చూడగానే "కొట్లాట మేడమ్! చివరిదాకా ఎవడితోనో తలపడ్డాడు" అన్నాడు. వేడికి కండరాలు బిగుసుకుపోయి కాలిన ప్రతి శవం అలాగే చేతులు ఎత్తుతుందని చెప్పాను. నిరుత్సాహపడ్డాడు. వెంటనే పుర్రె మీద పగులు చూసి మళ్ళీ వెలిగాడు. "తల మీద దెబ్బ!" అది కూడా వేడికి ఎముక చిట్లిన పగులే, బతికుండగా తగిలిన దెబ్బకి చుట్టూ కమిలిన గుర్తులుంటాయి, ఇక్కడ లేవని చూపించాను. ఆయన నోటుబుక్కు మూసేసి, "మరి మేం ఎవర్ని పట్టుకోవాలి?" అని నన్నే అడిగాడు. ఆయనది నిజమైన బాధ.

పండ్ల బుట్ట డాక్టరు మళ్ళీ వచ్చి, ముక్కుకి రుమాలు కట్టుకుని నిలబడ్డాడు. గుండె తెరిచాను. ఒక రక్తనాళంలో కాస్త కొవ్వు ఉంది. ఆయన "అదిగో!" అన్నాడు. అంత కొవ్వు మీకూ నాకూ ఆయనకీ ఉంటుంది, ఆయనకి ఎక్కువే ఉంటుంది. తర్వాత గాలిగొట్టం తెరిచాను. నల్లగా, పూత పూసినట్టు మసి. స్వరపేటిక కింద, ఇంకా కింద, కొమ్మల్లో కూడా. పొట్టలో కూడా మింగిన మసి. నెత్తురులో విషవాయువు సగానికి పైన. మద్యం లేదు, చుక్క కూడా లేదు. డాక్టరుగారు రుమాలు తీయకుండానే వెళ్ళిపోయారు.

కాబట్టి మీవాళ్ళందరికీ చెప్పండి. అతను బతికే ఉన్నాడు. మంట మొదలయ్యాక ఊపిరి పీల్చాడు, లేచి నడిచాడు కూడా. వెనక తలుపుకి జానెడు దూరంలో దొరికాడట. అంత దూరం వచ్చినవాడు బయటికి ఎందుకు పోలేకపోయాడో కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇక నా ఒళ్ళు మండిన సంగతి. బిగిసిన పిడికిలి లోపల చర్మం కాలదు. పట్టుకున్నదేదైనా అలాగే ఉంటుంది. కుడి పిడికిలి మెల్లగా విప్పితే తాళంచెవి దొరికింది. దానికో ఇత్తడి బిళ్ళ, దాని మీద చెక్కిన అక్షరాలు: 'వెనక తలుపు'. పోలీసు కాగితాల్లో చూస్తే, గోడౌన్ లోపల గోడకి నక్షా, దాని పక్కన మీ ఆఫీసు సర్టిఫికెట్ అద్దం కట్టించి తగిలించారట. నక్షాలో వెనక తలుపు వైపు ఎర్ర బాణం. చేరి పదకొండు రోజులే అయిన మనిషి. అతనికి ఆ భవనం గురించి తెలిసిందల్లా ఆ గోడ మీది కాగితాలే. షట్టర్‌కి వెల్డింగ్ చేయిస్తుంటే జనరేటర్ బండి నుంచి తెచ్చిన కరెంటుతో రవ్వలు లేచి పరుపులకి అంటుకున్నాయని వెల్డర్ చెప్పాడు. అది కాగితాల్లో నాలుగో పేజీలో ఉంది. మూడో పేజీ దాటి ఎవరూ చదివినట్టు లేదు.

సర్టిఫికెట్ జిరాక్సు నా దగ్గరుంది. మిగతాదంతా టైపు, సంతకం నల్లగా అలుక్కుపోయింది. వెనక తలుపు తెరుచుకుంటుంది, అవును. ఇసుక బకెట్టు ఒకటి తక్కువ! చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బకెట్లు లెక్కపెట్టిన ఆ మహానుభావుడు ఎవరు బావగారూ? మీ పక్క బల్లేనా? అసలు ఆ గుమ్మం తొక్కాడా? నాకు దొరికితే పక్కన నిలబెట్టుకుని ఆ పిడికిలి అతనితోనే విప్పించేదాన్ని.

మీరు అతన్ని నాలుగు కడిగేయండి, నా పేరు చెప్పి మరీ.

మరదలు

---

అగ్నిమాపక తనిఖీ కార్యాలయం,
శుక్రవారం

గౌరవనీయులైన డాక్టరుగారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ వాతావరణం బాగుంది. మీ అక్కయ్యగారు క్షేమం.

సొరుగులో ఉన్న నా కవరు విప్పకుండా తిరిగి పంపగలరని మనవి. అందులో ముఖ్యమైనదేమీ లేదు. పాత గొడుగుల విషయం.

ఇట్లు,
కార్యదర్శి, విచారణ సంఘం

---

ఇల్లు, బుధవారం

బావా,

చిన్నప్పటిలాగా అలా పిలవాలనిపించింది. మీ శుక్రవారం ఉత్తరం నాకు సోమవారం చేరింది. మీ కవరు నేను దానికి ముందే, రిపోర్టు మీద సంతకం పెట్టిన గంటకి విప్పాను.

నేను రాసిన ఆ మాటలు, మహానుభావుడని, గుమ్మం తొక్కాడా అని, అవి మీకు రాశానని అప్పుడు తెలిసింది. వెనక్కి తీసుకుందామని వారం రోజులుగా కూర్చున్నాను. తీసుకోలేకపోతున్నాను. అవి ఎవరికి రాసినా నిజమే. మీకు రాశానన్నదే నాకు బాధ.

నన్ను వైద్యానికి పంపుతానంటే ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆ తర్వాత శవాల కోర్సు తీసుకుంటానంటే అమ్మ అన్నం మానేసింది. అప్పుడు మీరొక్కరే "దాని చెయ్యి వణకదు, దాన్నే వెళ్ళనివ్వండి" అన్నారు. ఈ వారం వణికింది.

నేనేం చేశానో చెబుతాను. సర్టిఫికెట్ ఇచ్చిన మనిషి నాకు బంధువని మా పై డాక్టరుకి చెప్పాను. మీ మొదటి ఉత్తరం, 'గుండె' అని రాయమన్నది, ఆయనకి చూపించాను. వేరే డాక్టరు నా పనంతా మళ్ళీ మొదటి నుంచీ చూశాడు. మసి ఎక్కడున్నది అక్కడే ఉంది. రిపోర్టు అలాగే ఈ కేసు చూస్తున్న న్యాయమూర్తి దగ్గరికి వెళ్ళింది.

రెండో ఉత్తరం ఎవరికీ చూపించలేదు. దీంతో పాటే తిప్పి పంపుతున్నాను. చూపిస్తే అది నేను చెప్పినట్టవుతుంది. అది మీరు చెప్పాల్సిన మాట. నన్ను ప్రశ్నించినప్పుడు మాత్రం ఉందనే చెబుతాను, దాచను.

మీరడిగిన దానికి జవాబు. అతను ముందే పోలేదు. తలుపు దాకా వెళ్ళాడు. అబద్ధం చెప్పనని మీకు తెలిసే అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇంకొకటి కూడా నిజమే. పొగ ముందు స్పృహ తీసేస్తుంది. మంట అతన్ని చేరేసరికి అతనికి తెలిసే స్థితి లేదు. నెత్తురులో ఉన్న లెక్క అదే చెబుతోంది. ఇంతకంటే తేలికైన మాట నా దగ్గర లేదు. ఉంటే దాచుకునేదాన్ని కాదు.

అక్కకి మీరే చెప్పండి. గ్యాస్ మాత్రలు ఆపేయండి.

మీ మరదలు

---

ఇంటి వరండా,
రెండు నెలల తర్వాత, ఎండ బాగా ఉన్న రోజు

డాక్టరమ్మా,

ఇంతకాలం రాయలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడైనా చెల్లిందని కాదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు గోడౌన్‌కి వెళ్ళాను. జీపు అడగలేదు, నడిచే వెళ్ళాను. పరుపులు బూడిదై, ఇనప స్ప్రింగులు మాత్రం గుట్టలుగా మిగిలాయి. వాటి మధ్యలోంచి వెనక్కి వెళ్ళాను. తలుపు ఇనుముది, నిలబడే ఉంది. తాళం కప్ప తెరిచి కొక్కేనికి వేలాడుతోంది. తలుపు కూడా లోపలికి తెరిచే ఉంది. అతను తెరిచాడు డాక్టరమ్మా. నా మాట నమ్మి తాళం తీశాడు, తలుపు లాగాడు. అవతల ఇటుకల గోడ. వెనక స్థలం వాళ్ళు రెండేళ్ళ క్రితం తలుపుకి ఆనించి కట్టేశారట. నేను చెయ్యి చాపితే మోచెయ్యి పూర్తిగా చాచకముందే ఇటుక తగిలింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత విచారణ సంఘం ముందు నా రెండో ఉత్తరం చదివాను. బల్ల తనిఖీ సంగతి, రెండు కాదుల సంగతి, అన్నీ. చదువుతున్నంతసేపూ ఒక్కడూ నా మొహం చూడలేదు. అందరిదీ అదే పద్ధతి కదా. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని ఫారం తెప్పించారు. "పదకొండో గడిలో ఏం అడిగారండీ? తలుపు తెరుచుకుంటుందా అని. తెరుచుకుందా? తెరుచుకుంది! కాపలాదారే స్వయంగా తెరిచి చూపించాడు. అవతల ఏముందని ఫారంలో అడగలేదే? మీ సర్టిఫికెట్‌లో తప్పేముంది?" అన్నారు. ఐదుగురూ బల్ల చరిచారు. నేను నిర్దోషినని రాసి, నిప్పుకి కారణం దగ్గర మళ్ళీ ఆ స్టాంపే గుద్దారు.

కాకపోతే, పై అధికారి అనుమతి లేకుండా, ఆఫీసు జీపు లేకుండా స్థలానికి వెళ్ళినందుకు నన్ను సస్పెండ్ చేశారు. ముప్పై ఏళ్ళలో నేను నిజంగా చేసిన ఒకే ఒక్క తనిఖీ అది.

కాపలాదారు అక్క ఆ రోజు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. తాగి పడుకుని సిగరెట్టు అంటించాడని వాళ్ళ వీధంతా అనుకుంటోందట. "మా తమ్ముడు తాగడండీ. వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు, అబద్ధం చెబుతారా అని మా ఆయన అంటున్నాడు" అంది. నీ రిపోర్టులో ఉన్నది చెప్పాను. తాగలేదని, నిద్రపోలేదని, తాళంచెవి చేత పట్టుకుని తలుపు దాకా వచ్చాడని చెప్పాను. తలుపు గురించి అబద్ధం రాసింది నేనని కూడా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "ఇది మా ఆయన ముందు కూడా చెబుతారా?" అని అడిగింది. వెళ్ళి చెప్పాను. తర్వాత న్యాయమూర్తి ముందూ చెప్పాను. ఆయన ఉత్తరం తీసుకున్నారు. నా సంగతి ఆయన తేలుస్తారు. ఏది తేలినా సరే.

మీ అక్కకి చెప్పాను. మూడు రోజులు నా కంచం వరండాలోనే పెట్టింది. నాలుగో రోజు నా పాత డైరీలన్నీ అటక మీంచి దింపి, ముందరేసి, "ఇంకెన్నింటి మీద పెట్టారు సంతకం?" అంది. లెక్కపెట్టాం. నేను చూడకుండా ఇచ్చినవి రెండు వందల పద్నాలుగు భవనాలు.

ఇప్పుడు రోజుకి మూడు చొప్పున వెళుతున్నాను. నాకు ఏ అధికారమూ లేదు. సగం చోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. ఎవరు మీరు అంటారు. మీ గోడ మీద అద్దంలో ఉన్న సంతకం నాదే, నేను అప్పుడు చూడలేదు, ఇప్పుడు చూడనివ్వండి అంటాను. పిచ్చివాడనుకుని కొందరు, జాలిపడి కొందరు లోపలికి వదులుతారు. తలుపు తెరవగానే సరిపోదని నేర్చుకున్నాను. తెరిచి, అవతలికి పదడుగులు నడిచి చూస్తాను. ఇప్పటికి నలభై ఒకటి చూశాను. పదిహేడింట్లో పదడుగులు పడలేదు. ఆ వివరాలు న్యాయమూర్తికి, ఆ భవనంలో పనిచేసేవాళ్ళకి రాసి ఇస్తున్నాను. మీ అక్క మోకాలు పట్టుకుని నా వెంట వచ్చి, బయట నిలబడి ఫారం నింపుతోంది. రెండు కాదుల పద్ధతి ఆవిడకి తెలియదు, ఉన్నవన్నీ రాసేస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. జాబితా పొరుగూళ్ళ దాకా వెళుతుంది. నాలుగేళ్ళ క్రితం మీ ఊరి పని కూడా కొన్నాళ్ళు నాకే అప్పగించారు. నూట అరవయ్యో భవనం మీ శవపరీక్ష విభాగం. నేనెప్పుడూ అక్కడికి రాలేదు. నువ్వు రోజూ అందులోనే ఉంటావు. నా వంతు వచ్చేదాకా ఆగొద్దు. ఈ ఉత్తరం చదవగానే లేచి వెళ్ళి వెనక తలుపు తీసి నడిచి చూడు.

బావ

---

శవపరీక్ష విభాగం,
అందిన రోజే

బావగారూ,

లేచి వెళ్ళాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే ముప్పావుగంట పట్టింది. తలుపు తెరుచుకుంది. రెండడుగులు వేశాను. మూడోది పడలేదు.

అవతల నడవా అంతా పాత శవపరీక్ష రిపోర్టుల బీరువాలు, పైకప్పు దాకా. నేను రాసినవే ఎక్కువ. వాటిని అక్కడ పెట్టించమని కాగితం రాసింది కూడా నేనేనట, ఇప్పుడే చూపించారు. పన్నెండేళ్ళుగా కాలిపోయినవాళ్ళ గొంతులు తెరుస్తూ, నా వెనకున్న తలుపు ఒక్కసారి తీసి చూడలేదు.

లోపల పదకొండు మందిమి పనిచేస్తున్నాం. ఈ పూట కోతలు ఆపేసి అందరం బీరువాలు జరుపుతున్నాం. చాలా బరువుగా ఉన్నాయి. మీకెలాగూ ఆఫీసు లేదు కదా, రేపు పొద్దున మొదటి బస్సుకి అక్కని తీసుకుని రండి. ఒక చెయ్యి వేయాలి.

మరదలు